శిశుసంరక్షణము: జ్వరముతో వచ్చు మూర్ఛ ఎవరి నేరము?



పసిబిడ్డకు జ్వరము తగిలిన రాత్రి ఆ యింట నెవరికిని నిద్ర యుండదు. తల్లి తడిగుడ్డతో ఒడలు తుడుచుచుండును. బామ్మ వేంకటేశ్వరునికి ముడుపు కట్టుచుండును. అట్టి సమయమున బిడ్డ హఠాత్తుగా కనులు తేలవైచి, కాలుసేతులు బిగించి కొట్టుకొన నారంభించినచో ఇంటిల్లిపాది గుండెలు గుభిల్లుమనుటలో వింత లేదు. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టుదురు. ఒకరు ఉల్లిపాయ చితుకగొట్టి ముక్కుకడ పట్టుదురు. మఱియొకరు పండ్ల నడుమ చెంచా దూర్చ జూతురు. కొంతసేపటికి బిడ్డ తెప్పరిల్లును. భయము తీరిన వెంటనే వేఱొక ప్రశ్న తలయెత్తును: “ఇది ఎవరివలన వచ్చినది?”

ఆ ప్రశ్న యెదుట దోషివలె నిలువబడునది తఱచుగా తల్లియే. కడుపుతో నున్నప్పుడు గ్రహణము చూచితివందురు. తలంటుకొని వెంటనే పాలిచ్చితివందురు. సూదిమందు వలదన్నను వేయించితివందురు. చివరకు “మీ పుట్టినింటి రక్తమే యంత” అని తేల్చుదురు. పాపము, ఆ తల్లి రాత్రియంతయు బిడ్డ మంచము కడ గూర్చుండి తానేమి తప్పు చేసితినా యని తన్ను తాను శోధించుకొనుచుండును. ఈ మాసము ఈ శీర్షికలో ఆ ప్రశ్నకే సమాధానము వ్రాయదలచితిమి. అందుకొఱకు శాస్త్రజ్ఞులు కనుగొనిన ఒక జన్యువు కథను కొంత వివరింపవలసి యున్నది. ఓపికతో చదువుదురని నమ్ముచున్నాము.

ముందుగా ధైర్యము గూర్చు మాట చెప్పుదుము. ఆఱు మాసములు మొదలు ఐదేండ్ల వయస్సు వఱకు గల బిడ్డలలో నూటికి 2 మొదలు 5 మందికి ఎప్పుడో యొకప్పుడు జ్వరముతో మూర్ఛ వచ్చుట కలదు. ఆ వయస్సున మెదడు ఇంకను లేతది. జ్వరపు వేడిమికి తాళలేక అది యొక్కొకసారి అదుపు తప్పును. వీరిలో అధికసంఖ్యాకులకు ఆ మూర్ఛ కొలది నిమిషములలో దానంతట నదియే అణగిపోవును. బిడ్డ కొంతసేపు నిద్రించి లేచి యెప్పటివలె ఆడుకొనును. ఇంచుమించు మూడవవంతు బిడ్డలకు మఱియొక జ్వరములో తిరిగి రావచ్చును. ఐదాఱేండ్లు నిండుసరికి సాధారణముగా మానిపోవును. ఇట్టి సామాన్యమగు జ్వరమూర్ఛవలన బుద్ధి మందగింపదు, చదువు చెడదు. జ్వరమునకు పారసిటమాల్ ఇచ్చుట బిడ్డకు సుఖము కలిగించును గాని మూర్ఛను ఆపజాలదు. కావున “వేళకు మందు పోయలేదు, అందుచేతనే వచ్చినది” అని తల్లిని నిందించుట అన్యాయము.

మూర్ఛ వచ్చినపుడు చేయవలసినది స్వల్పము. బిడ్డను నేలపైనో పక్కపైనో ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. అట్లు చేసినచో నోటిలోని చొంగ గాని వాంతి గాని ఊపిరికి అడ్డుపడదు. మెడకడ గట్టిగానున్న గుడ్డలను వదులు చేయవలెను. చుట్టునున్న గట్టి వస్తువులను తొలగింపవలెను. నోటిలో చెంచా గాని, వ్రేలు గాని, నీరు గాని, మందు గాని పెట్టరాదు. కాలుసేతులను బలవంతముగా అదిమిపట్టరాదు. తాళపుచెవులవలనను ఉల్లిపాయవలనను మూర్ఛ ఆగదు. అది ఆగవలసిన వేళకు ఆగినప్పుడు ఆ కీర్తి వానికి దక్కుచున్నది. వాతలు పెట్టుట మాత్రము ఘోరమగు క్రౌర్యము. దానిని ఎవరు చెప్పినను వినరాదు. అన్నిటికంటె ముఖ్యము గడియారము చూచుట. ఐదు నిమిషములు దాటినను మూర్ఛ ఆగనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 108 సంఖ్యకు ఫోను చేసినచో వాహనము వచ్చును. మొదటిసారి మూర్ఛ వచ్చిన బిడ్డను, అది త్వరగా ఆగినను, వైద్యునకు చూపియే తీరవలెను.

ఇక కొందఱు బిడ్డల సంగతి వేఱు. వీరికి ఏడాది నిండకమునుపే, సామాన్యముగా ఐదాఱు మొదలు ఎనిమిది నెలల ప్రాయమున, మొదటి మూర్ఛ వచ్చును. అంతవఱకు బిడ్డ చక్కగా నవ్వుచు, బోర్లపడుచు, అందఱి బిడ్డలవలెనే పెరుగుచుండును. మూర్ఛ మాత్రము పది నిమిషములు, పావుగంట, ఒక్కొకప్పుడు అరగంట దాటియు ఆగదు. తఱచుగా ఒడలి యొకవైపు మాత్రమే కొట్టుకొనును. ఈసారి కుడివైపైనచో మఱియొకసారి ఎడమవైపు. స్వల్పజ్వరమునకును, ఒక్కొకప్పుడు వేడినీటి స్నానమునకును వచ్చును. కొన్ని మాసములకు జ్వరము లేకయే వచ్చును. రెండవయేట, మూడవయేట మఱికొన్ని విధములగు మూర్ఛలు తోడగును, మాటలు ఆలస్యమగును, నడక తడబడును. ఇది 15,000 మొదలు 40,000 జననములలో ఒకరికి మాత్రమే కలుగు అరుదగు వ్యాధి. దీనిని 1978లో ఫ్రాన్సు దేశపు వైద్యురాలు షార్లెట్ ద్రావే మొదటిసారిగా వేఱుపఱచి వర్ణించెను. ఆమె పేరిటనే నేడు దీనిని ద్రావే వ్యాధి యని పిలుచుచున్నారు. తల్లులు చెప్పిన మాటలను శ్రద్ధతో విని, ఒకే తీరున నడచు కథలను ఒకచోట చేర్చి, “ఇది తక్కిన మూర్ఛలవంటిది కాదు” అని గ్రహించిన ఘనత ఒక స్త్రీకి దక్కుట మనకు సంతోషకరము.

ఆ వ్యాధికి మూలమేమో తెలియుటకు మఱి యిరువదిమూడేండ్లు పట్టినది. 2001లో బెల్జియము దేశపు పరిశోధకులు ఇట్టి వ్యాధిగల ఏడుగురు బిడ్డల రక్తమును, వారి తలిదండ్రుల రక్తమును పరీక్షించిరి. ఏడుగురు బిడ్డలయందును ఒకే జన్యువు చెడియుండెను. దాని పేరు ఎస్.సి.ఎన్.1ఎ. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఆ మార్పు తల్లియందును లేదు, తండ్రియందును లేదు. బిడ్డలయందే క్రొత్తగా పుట్టినది. ఈ యొక్క మాటను సోదరీమణులు జ్ఞప్తియందుంచుకొన వేడుచున్నాము. దీని యర్థమును క్రింద వివరింతుము.

జన్యువనగా నేమి? మన శరీరమందలి ప్రతి జీవకణములోను దేహనిర్మాణమునకు వలయు వ్రాత యొకటి కలదు. ఆ వ్రాత 23 జతల క్రోమోసోములయందు నిక్షిప్తమై యుండును. ప్రతి జతలో నొకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చును. ఒక్కొక్క వస్తువును చేయు విధానమును చెప్పు భాగమే జన్యువు. ఎస్.సి.ఎన్.1ఎ యనునది రెండవ క్రోమోసోమునందు కలదు. సోడియము లోనికి ప్రవేశించుటకు నాడీకణములకు గల ద్వారములలో నొకదానిని ఎట్లు కట్టవలెనో అది చెప్పును.

సోడియమనగా మనకు క్రొత్త వస్తువు కాదు. వంటయింటి ఉప్పులో సగభాగము దాని పేరిటనే యున్నది. నాడీకణమునకు వెలుపల సోడియము మెండు, లోపల కొఱత. వెలుపల నున్నది లోపలిదానికి ఇంచుమించు పదిరెట్లు. నాడిలో వార్త పాఱవలసినప్పుడు ఈ ద్వారములు క్షణములో వెయ్యవవంతు కాలము తెఱచుకొని మూసికొనును. ఆ సందున సోడియము లోనికి దూకును; దానితో విద్యుత్తు పుట్టి ముందుకు సాగును. మనము చేయి కదల్చుట, మాటలాడుట, తలచుకొనుట యన్నియు ఈ తలుపుల రాకపోకలే. ఈ రహస్యమును ఆంగ్లేయులగు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ యను విద్వాంసులు 1952లో వెల్లడించిరి. 1963లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

ఈ ద్వారము ఒంటరి తలుపు కాదు. దానిలో సుమారు 2,000 అమైనో ఆమ్లముల గొలుసుతో నల్లబడిన పెద్దభాగ మొకటి, దానికి తోడుగా చిన్న సహాయభాగములు కలవు. గుమ్మమునకు తలుపు ఎట్లో, తలుపునకు మడతబందులు, గడియ ఎట్లో ఇవి యట్లు. ఎస్.సి.ఎన్.1ఎ పెద్దభాగమును చేయించును. ఎస్.సి.ఎన్.1బి యను వేఱొక జన్యువు ఒక సహాయభాగమును చేయించును. 1998లో ఆస్ట్రేలియా పరిశోధకులు, తరతరములుగా జ్వరమూర్ఛలు వచ్చుచున్న ఒక కుటుంబమున ఈ సహాయభాగపు జన్యువులోనే మార్పు కనుగొనిరి. సోడియము ద్వారమునకును బాలుర జ్వరమూర్ఛలకును సంబంధము కలదని తెలియుట అదియే మొదలు. అట్టి కుటుంబములలో మూర్ఛలు చాలవఱకు తేలికవి. ఎస్.సి.ఎన్.1ఎ జన్యువుననే స్వల్పమగు మార్పు కలిగి, తేలికగా బయటపడు కుటుంబములును కలవు. కావున పరీక్షలో ఈ జన్యువు పేరు కనబడినంతమాత్రమున భయంకరవ్యాధి యని నిశ్చయింపరాదు. బిడ్డను చూచి వైద్యుడు నిర్ణయింపవలెను.

ఇచ్చట బుద్ధిమంతులగు పాఠకురాండ్రకు సందేహము కలుగవచ్చును. ద్వారము చెడినచో నాడిలో విద్యుత్తు తగ్గవలెను గదా. మూర్ఛయనగా విద్యుత్తు మితిమీరుట గదా. ఇది యెట్లు పొసగును? పరిశోధకులకును ఇదే చిక్కు కలిగినది. 2006లో ఎలుకలపై జరిగిన పరిశోధనవలన ఆ ముడి విడినది. మెదడులో పురికొల్పు కణములు కొన్ని, అదుపుచేయు కణములు కొన్ని కలవు. ఈ ప్రత్యేకమగు ద్వారము ముఖ్యముగా అదుపుచేయు కణములకే ప్రాణాధారము. ఆ ద్వారములలో సగము లేకపోవుటచే అదుపుచేయువారే డీలా పడుదురు. ఎద్దులకు బలము హెచ్చుటవలన బండి దారి తప్పలేదు. తోలువాని చేతిలోని పగ్గములు తెగుటవలన తప్పినది. జ్వరపు వేడిమి ఆ తెగిన పగ్గముల బండిని ఒక్క అదలింపుతో పరుగెత్తించును.

ఈ సంగతి తెలియుట వినోదము కొఱకు కాదు. మందు దీనిపై నాధారపడియున్నది. మూర్ఛలకు వాడు మందులలో కొన్ని సోడియము ద్వారములను మూయుటచేతనే పనిచేయును. కార్బమజెపీన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ అట్టివి. తక్కిన యెందఱో రోగులకు అవి మేలు చేయుచున్నవి. ఈ వ్యాధిగల బిడ్డకు దినదినము వాడినచో, అసలే సడలిన పగ్గములను అవి యింకను సడలించి మూర్ఛలను హెచ్చింపవచ్చును. కావున మందు ఆరంభించిన పిమ్మట మూర్ఛలు తగ్గక హెచ్చినచో తల్లి ఆ మాటను సంకోచింపక వైద్యునకు చెప్పవలెను. అయితే ఏ మూర్ఛమందునైనను తమంతట హఠాత్తుగా మాన్పరాదు, అది ప్రాణాపాయము. మార్పు చేయవలసినవాడు వైద్యుడే. ఈ వ్యాధికి వాల్ప్రోయేట్, క్లోబజామ్ అను మందులను సామాన్యముగా మొదట వాడుదురు. స్టిరిపెంటాల్, కన్నాబిడియాల్, ఫెన్‌ఫ్లూరమిన్ అను క్రొత్తమందులును పాశ్చాత్యదేశములందు ఆమోదము పొందినవి. కొవ్వు మిక్కుటముగా, అన్నము మిక్కిలి తక్కువగా నుండు కీటోజెనిక్ పథ్యము కొందఱికి ఉపకరించును. అది వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. అన్నములో ఉప్పు తగ్గించుటవలన గాని హెచ్చించుటవలన గాని ఈ వ్యాధికి లాభము లేదు. కొఱత ఉప్పులో కాదు, తలుపులో.

ఇప్పుడు మేము జ్ఞప్తియందుంచుకొన గోరిన మాటకు వత్తము. ద్రావే వ్యాధిగల బిడ్డలలో నూటికి ఎనుబదిమందికి పైగా ఈ జన్యువున మార్పు కనబడును. వారిలో పదింట తొమ్మిదిపాళ్లు ఆ మార్పు క్రొత్తగా వచ్చినదే. కోట్లకొలది అక్షరముల వ్రాతను ఎత్తి వ్రాయునపుడు లేఖకుని చేతిలో ఒక అక్షరము తప్పినట్లు, బీజము రూపొందు సమయమున గాని, గర్భము నిలిచిన తొలిదినములలో గాని ఈ తప్పు దొరలును. తల్లి తిన్న తిండివలన కాదు. చూచిన గ్రహణమువలన కాదు. పొందిన దుఃఖమువలన కాదు. మేనఱికపు వివాహమువలన కలిగినదా యని మన యిండ్లలో నడుగుదురు. మేనఱికమువలన హెచ్చు వ్యాధులు కొన్ని కలవు. అవి తల్లి తండ్రి యిరువురినుండియు చెడిన జన్యువు వచ్చిననే కలుగును. సహాయభాగపు జన్యువు రెండు ప్రతులును చెడుటచే ఇట్టి వ్యాధియే వచ్చుట మిక్కిలి అరుదుగా కలదు. ఎస్.సి.ఎన్.1ఎ విషయమున మాత్రము ఒక్క ప్రతి చెడినను చాలును. కావున సాధారణముగా దీనికిని మేనఱికమునకును సంబంధము లేదు. అయినను తలిదండ్రులలో నొకరి కొన్ని కణములలో మాత్రము ఆ మార్పు దాగియుండుట అప్పుడప్పుడు జరుగును. అందుచే రెండవ సంతానమును కోరు దంపతులు జన్యువైద్యుని సలహా పొందుట మేలు.

సూదిమందు మాట యింకను ముఖ్యమైనది. కోరింతదగ్గు టీకా వేయించిన ఒకటి రెండు దినములలో మొదటి మూర్ఛ వచ్చి, పిమ్మట బిడ్డ మందగించినచో, టీకాయే మెదడును చెఱచినదని పూర్వము కొందఱు తలచిరి. 2006లో ఆస్ట్రేలియా వైద్యులు అట్లు తలపబడిన 14 మందిని పరీక్షింపగా 11 మందికి ఎస్.సి.ఎన్.1ఎ జన్యువే చెడియుండినది. టీకావలన వచ్చు జ్వరము మొదటి మూర్ఛను కొంచెము ముందుగా తెచ్చియుండవచ్చును. వ్యాధిని పుట్టించినది అది కాదు. టీకా వెంట మూర్ఛ మొదలైన బిడ్డలకును, అట్లు కాని బిడ్డలకును పిమ్మటి స్థితిలో భేదము లేదని 2010లో తేలినది. టీకా మానినచో కోరింతదగ్గు, తట్టు బిడ్డపై పడును. తట్టువలని జ్వరము మఱింత తీవ్రము. ఇట్టి బిడ్డకు టీకా వేయించుటకు ముందు వైద్యునితో చెప్పి జ్వరమునకు తగిన జాగ్రత్త తీసికొనవలెను గాని టీకాను మానరాదు.

మన యిండ్లలో మఱియొక విషయమున జాగరూకత కావలెను. నూనె రాచి, కాగిన నీరు పోసి పసిపాపకు తలంటుట మన పెద్దల యాచారము. ఆరోగ్యవంతురాలగు శిశువునకు గోరువెచ్చని నీరు హాయి. ఈ వ్యాధిగల బిడ్డకు మాత్రము వేడినీరు శత్రువు; ఒంటి వేడి కొంచెము పెరిగినను మూర్ఛ రావచ్చును. స్నానమున మూర్ఛ వచ్చినచో “దిష్టి” యని ఊరకుండక వైద్యునకు చెప్పవలెను. దక్షిణదేశమున తలపై వేడినీరు పోసికొనునపుడు మూర్ఛ వచ్చు వేఱొక వ్యాధియు కలదు. రెంటికిని భేదము తెలిసికొనవలసినవాడు వైద్యుడే; మనము చూచినది చూచినట్లు చెప్పుటయే మన పని.

ఈ వ్యాధి కఠినమైనది; దాచుటవలన ప్రయోజనము లేదు. మందులు మూర్ఛలను తగ్గించును గాని, పూర్తిగా మాన్పుట అరుదు. బిడ్డలలో కొందఱు ఆకస్మికముగా, నిద్రలోనే, కన్నుమూయుటయు కలదు. ఈ వాక్యము వ్రాయునపుడు మా చేయి తడబడినది. కాని త్వరగా గుర్తించి, తగిన మందు నిచ్చి, దీర్ఘమూర్ఛకు ఇంటియొద్దనే వాడదగిన మందును వైద్యునివలన సిద్ధముగా నుంచుకొనిన తల్లులు తమ బిడ్డలను ఎన్నో గండములనుండి దాటించుచున్నారు. మిడజోలామ్ అను మందును ముక్కులో గాని బుగ్గలో గాని వాడు విధానమును వైద్యులు నేర్పుదురు. అట్టి తల్లి చేయు సేవకు సాటి లేదు. ఆమెకు కావలసినది నింద కాదు. రాత్రివేళ మేలుకొనుటకు మఱియొక జత కనులు.

కడపట ఒక చిన్నపని చెప్పి విరమింతుము. బిడ్డకు మూర్ఛ వచ్చిన ప్రతి యింటను ఒక నోటుపుస్తకము నుంచవలెను. తేది, వేళ, ఎన్ని నిమిషములు, ఏ వైపు కొట్టుకొన్నది, జ్వర మెంత, అంతకుముందు స్నానము చేయించిరా, టీకా వేయించిరా యని వ్రాయవలెను. వీలైనచో ఒకరు ఫోనులో ఆ కొలది నిమిషముల చిత్రము తీయవలెను. ఏడాది నిండకమునుపే వచ్చిన దీర్ఘమూర్ఛ, ఒకవైపు మాత్రమే వచ్చు మూర్ఛ, వేడినీటితో వచ్చు మూర్ఛ, ఇవి మఱలమఱల ఆ పుస్తకమున కనబడినచో పిల్లల నాడీవైద్యునికి దానిని చూపి, జన్యుపరీక్ష అవసరమా యని అడుగవలెను. కొంచెము రక్తము తీసి ఆ పరీక్ష చేయుదురు.

అత్తగారలారా, పెనిమిటులారా, ఈ పుటను మీరును చదువుదురని తలచి మీకొక మనవి. ఆ పుస్తకమున “ఎవరివలన” అను గడి యుంచవలదు. ఆ స్థలమున, ఆ రాత్రి తల్లికి బదులు బిడ్డకడ మేలుకొన్నవారి పేరు వ్రాయుడు.